ఉబ్బసం: నెబులైజర్ తీసేశాక ఏం జరుగుతోంది?

ప్రపంచంలోని ఉబ్బసం రోగుల్లో మన దేశంలో ఉన్నవారు దాదాపు 13 శాతం. ఆ జబ్బుతో పోయేవారిలో మాత్రం మనవాళ్లు 40 శాతం పైనే అని ప్రపంచ వ్యాధిభార అధ్యయనాలు చెబుతున్నాయి. నిపుణుల కొరతే దీనికి కారణమంటే తిరుపతి విషయంలో ఒప్పుకోవడం కష్టం. ఇక్కడ రుయా ప్రభుత్వాసుపత్రి ఉంది, స్విమ్స్ వైద్య సంస్థ ఉంది, 1960 నుంచి వైద్య కళాశాల ఉంది. అయితే అర్ధరాత్రి పిల్లికూతలతో ఆసుపత్రికి చేరిన మనిషిని ముందుగా చూసేది ప్రొఫెసర్ కాదు. స్టాఫ్ నర్సు, డ్యూటీ డాక్టరు. ఉబ్బసం చికిత్సలో శిక్షణ చేరాల్సింది వారికి.

చాలాచోట్ల నడుస్తున్న పద్ధతి అందరికీ తెలిసిందే. నెబులైజర్ పెడతారు, ఒక ఇంజెక్షన్ చేస్తారు, ఆయాసం తగ్గగానే ఇంటికి పంపిస్తారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది వేరు. దాడి తీవ్రంగా ఉంటే మొదటి గంటలోనే స్టెరాయిడ్ పడాలి. నోటి మాత్ర కూడా ఇంజెక్షన్‌తో సమానంగా పనిచేస్తుంది. పెద్దవారికి రక్తంలో ఆక్సిజన్ 93–95 శాతం మధ్య ఉంటే చాలు. ఏళ్లుగా అలవాటైన అమినోఫిలిన్ ఇంజెక్షన్‌కు ఫలితం తక్కువ, ప్రమాదం ఎక్కువ కనుక దాన్ని వాడవద్దంటున్నారు. 2019 నుంచి ఇంకో మాట కూడా గట్టిగా చెబుతున్నారు: సాల్‌బుటమాల్ ఒక్కదానితోనే నెట్టుకురావద్దు, వాపును తగ్గించే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తప్పనిసరి. సాల్‌బుటమాల్ ఊపిరి గొట్టాలను తెరుస్తుందే తప్ప లోపలి వాపు జోలికి పోదు.

నా దృష్టిలో అసలు లోపం డిశ్చార్జి వేళ కనిపిస్తుంది. చీటీలో ఇన్‌హేలర్ పేరు ఉంటుంది, దాన్ని పీల్చడం మాత్రం ఎవరూ నేర్పరు. డబ్బాను బాగా ఊపాలి, ఊపిరి పూర్తిగా వదలాలి, మీట నొక్కుతూ నెమ్మదిగా లోపలికి పీల్చాలి, పది సెకన్లు బిగబట్టాలి, స్టెరాయిడ్ అయితే ఆ తర్వాత నోరు పుక్కిలించాలి. నొక్కడానికీ పీల్చడానికీ లయ కుదరకపోతే మందు గొంతులోనే ఆగిపోతుంది. ఇన్‌హేలర్‌కూ నోటికీ మధ్య పెట్టే స్పేసర్ అనే గొట్టం ఉంటే ఆ తిప్పలు తప్పుతాయి. అది కొనలేనివారికి అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతికి సరిపోయే రంధ్రం చేసి వాడినా పని జరుగుతుందని పరిశోధనలు తేల్చాయి. ఇదంతా చూపించడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఎవరి బాధ్యతో ఏ డ్యూటీ చార్టులోనూ రాసి ఉండదు.

పైగా 'ఇన్‌హేలర్ అలవాటైతే ఇక వదలదు' అనే భయం ఊరూరా ఉంది. మృగశిర కార్తె రాగానే చేపమందు కోసం హైదరాబాద్ రైలెక్కేవారూ ఉన్నారు. వారిని వెక్కిరించి లాభం లేదు, ఆసుపత్రిలో ఎవరూ నిమ్మళంగా మాట్లాడకపోతే రోగి ఇంకెక్కడికి పోతాడు?

ఒక హోటల్ హాలులో స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి, సర్టిఫికెట్ ఇచ్చి పంపే శిక్షణపై నాకు నమ్మకం లేదు. ఫిన్లాండ్ 1994లో పదేళ్ల ఉబ్బసం కార్యక్రమం చేపట్టినప్పుడు డాక్టర్లతో ఆగలేదు. ఆరోగ్య కేంద్రాల్లో నర్సులను, మందుల దుకాణాల వారిని కూడా బాధ్యులను చేసింది. పదేళ్లలో ఆసుపత్రి పడక రోజులు సగానికి పైగా తగ్గాయి. మన దగ్గర శిక్షణ వార్డులోనే, నర్సు చేతికి ఇన్‌హేలర్ ఇచ్చి జరగాలి. మూడు నెలల తర్వాత కేస్ షీట్లు తిరగేసి చూడాలి: స్టెరాయిడ్ ఎన్ని నిమిషాలకు పడింది, ఇన్‌హేలర్ వాడకం చూపించారా, మళ్లీ రమ్మని తేదీ రాశారా. ఈ లెక్కలు సిబ్బందిని తిట్టడానికి వాడితే మాత్రం మరుసటి నెల నుంచి అన్ని గళ్లలోనూ టిక్కులే కనిపిస్తాయి.

మొదలుపెట్టాల్సింది పెద్దాసుపత్రిలో కాదు, చలికాలంలో మంచు పట్టే పలమనేరు, కుప్పం వైపు. అక్కడ ఒక్క షరతు. బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) అల్మరాలో కూడా ఉందో లేదో శిక్షణకు ముందే చూసుకోవాలి. మందు లేనిచోట నర్సు నేర్చుకున్నది రెండు నెలలు కూడా గుర్తుండదు.