మా తమ్ముడి ఫ్రీ క్యాంపింగు, నా మెంబర్ నంబరు

ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్ళు కూడా కడుక్కోలేదు. ఇది రాస్తేగానీ నాకు అన్నం దిగదు.

రెండు వారాల కిందట ఒక హెడ్‌లాంప్ కొన్నాను. అదే, నుదుటికి కట్టుకునే లైటు. 35 డాలర్లు. బ్యాటరీలు మార్చినా వెలగదు. ఇచ్చేద్దామని ఇవాళ ఆఫీసు నుంచి అటే షాపుకెళ్ళాను. కొండలెక్కేవాళ్ళ సామాన్ల షాపు. పేరెందుకులెండి, వాళ్ళ తప్పేం లేదు. రసీదుంది, డబ్బా ఉంది, డబ్బాలో వచ్చిన సిలికా జెల్ పొట్లం కూడా ఉంది. మా నాన్న పెంపకం అలాంటిది.

కౌంటర్లో పిల్లకి ఇరవై ఏళ్ళుంటాయేమో. నా మెంబర్ నంబరు కొట్టింది. స్క్రీన్ వంక చూసింది. నా వంక చూసింది. మళ్ళీ స్క్రీన్‌ని కిందికి, ఇంకా కిందికి జరుపుతూ పోయింది.

"ఈ సమ్మర్లో చాలా క్యాంపింగ్ చేసినట్టున్నారే!" అంది నవ్వుతూ.

నేనా? ఈ సమ్మరంతా నేను చేసిన క్యాంపింగు మా అపార్ట్‌మెంటు బాల్కనీలో, గోంగూర కుండీ పక్కన.

ఏంటా అని తొంగి చూస్తే ఏముంది. ఆరుగురు పట్టే టెంటు, రిటర్న్. స్లీపింగ్ బ్యాగులు నాలుగు, రిటర్న్. మడత కుర్చీలు, స్టవ్వు, పిల్లల రెయిన్ జాకెట్లు, అన్నీ రిటర్న్. మే ఆఖర్లో మెమోరియల్ డే లాంగ్ వీకెండుకి ముందు గురువారం కొనడం, తర్వాతి మంగళవారం ఇచ్చేయడం. జులై ఫోర్త్‌కి మళ్ళీ అదే వరస. సెప్టెంబర్లో లేబర్ డే సెలవుకి ముచ్చటగా మూడోసారి.

అప్పుడు వెలిగింది నాకు. హెడ్‌లాంప్ కాదు, బుర్ర. మే నెలలో మా పిన్ని కొడుకు, టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాడు, "అక్కా, నీ మెంబర్ నంబర్ ఒకసారి పెట్టవా, డిస్కౌంట్ ఉందట" అని మెసేజ్ చేశాడు. తమ్ముడే కదా అని పెట్టాను. డబ్బులన్నీ బుద్ధిగా వాడి కార్డుకే వెళ్ళాయి. చరిత్ర మాత్రం నా పేరున మిగిలింది.

ఆ పిల్ల హెడ్‌లాంప్ తీసుకుంది, డబ్బులు వేసేసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. అదే నాకు కాలుతోంది. నిలదీసి ఉంటే "నేను కాదమ్మా, వాడు" అని చెప్పుకునేదాన్ని. నవ్వుకి ఏం జవాబు చెప్తాం? పైగా నా వెనక వరసలో ఒకావిడ, మనవాళ్ళే, చంకలో చుట్టచుట్టిన స్లీపింగ్ బ్యాగు. నన్ను చూసి "మీరూ ఇంతేనా" అన్నట్టు ఆప్యాయంగా తలూపింది!

కార్లోకొచ్చి ఫోన్ తీస్తే ఫ్యామిలీ గ్రూపులో వాడి ఫోటో. బ్రోకెన్ బో చెరువు గట్టున టెంటు, ముందు బిర్యానీ గిన్నె, కింద 'జీరో కాస్ట్ క్యాంపింగ్' అని కాప్షను. పదకొండు చప్పట్లు. ఒక బాబాయి "ట్రిక్కేంట్రా, మాకూ చెప్పు" అని. వీడు పాఠం మొదలెట్టాడు. ట్యాగులు తెంచకూడదట, లోపలికి మడిచి పిన్ను పెట్టాలట. టెంటు కింద పాత దుప్పటి పరవాలట. కారణం అడిగితే "లీకవుతోంది" అనాలట. ఇంజనీరింగ్‌లో మూడేళ్ళు బ్యాక్‌లాగులు లాగిన మనిషండీ. ఈ శ్రద్ధ అప్పుడుంటే గోల్డ్ మెడలొచ్చేది.

ఫోన్ చేసి అడిగాను. "అంత పెద్ద కంపెనీ, వాళ్ళకేంటక్కా?" అన్నాడు. ఈ మాట ఎన్నిసార్లు విన్నానో! ఎవర్రా 'వాళ్ళు'? ఇలాంటి సామాన్లే అమ్మే ఆర్‌ఈఐ సంగతే తీసుకోండి. 1938లో సియాటిల్లో లాయిడ్ ఆండర్సన్, మేరీ ఆండర్సన్ అనే దంపతులు, ఇంకో ఇరవై ఒక్కమంది కొండలెక్కే స్నేహితులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం అది. మంచి ఐస్ యాక్స్, అదే, మంచుకొండలెక్కేవాళ్ళ గొడ్డలి, సరసమైన ధరకి దొరకట్లేదని మొదలెట్టారు. సభ్యులే యజమానులు, లాభంలో వాటా వాళ్ళకే. మన ఊరి పాల సొసైటీ లాంటిదన్నమాట. పొద్దున పాలు పట్టుకెళ్ళి, కాఫీ తాగి, సాయంత్రం మిగిలిన చుక్క తెచ్చి "విరిగాయి, డబ్బులివ్వండి" అంటే సొసైటీ సెక్రటరీ వీపు విమానం మోత మోగించేవాడు. ఇక్కడ మాత్రం నవ్వుతూ ఇచ్చారు, ఏళ్ళ తరబడి ఇచ్చారు. కృతజ్ఞతగా జనం ఆర్‌, ఈ, ఐ అన్న ఆ మూడక్షరాలకి 'రిటర్న్ ఎవ్రీథింగ్ ఇంక్' అని ముద్దుపేరు పెట్టారు. 2013లో వాళ్ళకీ ఓపిక అయిపోయి, ఎన్నేళ్ళకైనా ఇవ్వచ్చన్నదాన్ని ఒక్క ఏడాదికి కుదించారు.

బట్టలు, బూట్లు అమ్మే ఎల్.ఎల్.బీన్ కంపెనీ కథ ఇంకా ఘోరం. 1912లో మెయిన్ రాష్ట్రంలో ఆ బీన్ అనే పెద్దాయన వేటగాళ్ళ కోసం అడుగున రబ్బరు, పైన తోలు పెట్టి బూట్లు కుట్టించాడు. మొదటి వంద జతల్లో తొంభై ఊడిపోయి వెనక్కొచ్చాయి. ఆయన ఒక్కొక్కరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పు చేసి మరీ బూటును బాగుచేసుకున్నాడు. నచ్చకపోతే డబ్బు వాపసన్న ఆ మాట నూరేళ్ళు దాటి నిలబడింది. ఏం చేశారు మన తెలివైన జనం? గ్యారేజ్ సేళ్ళలో రెండు డాలర్లకు దొరికిన పాత చొక్కాలు తెచ్చి కొత్త ధర పట్టుకెళ్ళారు. అయిదేళ్ళలో 25 కోట్ల డాలర్లు పోయాయని చెప్పి 2018 ఫిబ్రవరిలో కంపెనీ దండం పెట్టేసింది: ఏడాదిలోపు, రసీదుతో. దానిమీద కూడా కోర్టుకెక్కినవాళ్ళున్నారు, చూసుకోండి మరి!

"అంటే తెల్లవాళ్ళూ చేశారుగా" అని కామెంట్లలో కత్తులు నూరకండి. చేశారు. నేను తెల్లవాళ్ళ గ్రూపులో లేను, మన గ్రూపులో ఉన్నాను. అమ్మానాన్న ఆరు నెలలకొస్తే పరుపు కొని, వాళ్ళు విమానం ఎక్కిన మర్నాడే పరుపుని కారెక్కించినవాళ్ళు నాకు తెలుసు. వరల్డ్ కప్ ఫైనల్‌కి గోడంత టీవీ కొని, మనం ఓడిపోయాక అదే కోపంతో తిరిగిచ్చినవాళ్ళూ తెలుసు. ఓడింది టీవీ వల్లేనేమో. ఇంతా చేసి వీళ్ళందరి సంపాదనా ఏడాదికి లక్షన్నర డాలర్ల పైమాటే. టెంటు అద్దెకిచ్చే చోట్లు బోలెడున్నాయి. అద్దె కట్టడం మాత్రం పరువు తక్కువ.

సరే, అసలు విషయం చెప్పేస్తాను. నా మంట టెంటు మీద కాదు.

తెనాలిలో మా నాన్నకి చీరల కొట్టుండేది. చిన్నది, నాలుగు బీరువాలు, ఒక పరుపు. 'ఇంట్లో చూపించి తెస్తాం' అని చీరలు పట్టుకెళ్ళడం అప్పట్లో మామూలే. నమ్మకమే వ్యాపారం. మా పిన్ని, అంటే ఈ క్యాంపింగ్ వీరుడి తల్లి, వాళ్ళ ఆడపడుచు పెళ్ళికి ముందు అలాగే ఒక ధర్మవరం పట్టుచీర పట్టుకెళ్ళింది. మెంతిరంగు, ఆకుపచ్చ అంచు. నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. వారం తర్వాత తెచ్చి "రంగు నప్పలేదు బావగారూ" అంది.

నాన్న పరుపు మీద చీర విప్పాడు. అంచు పొడుగునా సూది రంధ్రాలు. ఫాల్ కుట్టించి, కట్టుకుని, మళ్ళీ ఫాల్ విప్పేసి తెచ్చింది. కొంగు దగ్గర పులిహోర నూనె మరక, గోరంత. నాన్న ఆ రంధ్రాల మీద బొటనవేలు రాసుకుంటూ కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు. నవ్వి, మడిచి, బీరువాలో పెట్టాడు. మరదలు కదా. ఆ చీర రెండేళ్ళు అమ్ముడుపోలేదు. చివరికి సగం ధరకి పోయింది. తర్వాత పెళ్ళి ఫోటోలొచ్చాయి. ముందు వరసలో, మెంతిరంగు.

ఆ ఫోటో ఇప్పటికీ వాళ్ళ హాల్లో ఉంది. పోయినసారి ఇండియా వెళ్ళినప్పుడు దాని కిందే కూర్చుని కాఫీ తాగాను.

ఇవాళ గ్రూపులో వాడి ఫోటో కింద పిన్ని వాయిస్ మెసేజ్ పెట్టింది: "మా వాడు చిన్నప్పట్నుంచీ తెలివైనోడు." కాదన్నానా పిన్నీ. వంశపారంపర్యం.

ఇదంతా రాస్తుండగానే వాడి మెసేజ్ వచ్చింది. డిసెంబర్లో కొలరాడో స్నో ట్రిప్పట, ఏడుగురట, జాకెట్లు, బూట్లు అన్నీ కావాలట. "అక్కా, నీ నంబర్ మళ్ళీ పంపవా, పాత మెసేజ్ దొరకట్లేదు."

చూశాను. రెండు టిక్కులూ నీలమయ్యాయి. అవనీ.