టోనీ జాబితాలోని ఐదో స్థానానికి

ఐదో స్థానమా,

నువ్వు నన్ను ఎరగవు. నేను మాత్రం ఏటా ఉగాది వెళ్లిన మర్నాటి నుంచి నీ ధ్యాసలోనే ఉంటాను. న్యూయార్క్ బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డుల్లో మ్యూజికల్ (పాటల నాటకం) దర్శకులకు నామినేషన్లు మామూలుగా ఐదు. అవి ఎవరికొస్తాయో ముందే జాతకం చెప్పడం నా అలవాటు. పత్రికలు ఆకాశానికెత్తిన నాటకాలను ఏరుకుంటే నాలుగు పేర్లు నిద్రలో అడిగినా చెప్పవచ్చు. జాతకాలు తప్పేదల్లా నీ గడప దగ్గరే.

2025 సంగతే తీసుకో. మైకేల్ ఆర్డెన్, డేవిడ్ క్రోమర్, సహీమ్ అలీ, జేమీ లాయిడ్, ఈ నలుగురికీ రాజపూజ్యం నిండుగా వేశాను. ఒక్కటీ తప్పలేదు. లాయిడ్ అయితే ‘సన్‌సెట్ బులేవార్డ్’ హీరోను థియేటర్ బయటికి పంపించి, న్యూయార్క్ 44వ వీధిలో పాడుతూ నడిపించాడు. వెంట కెమెరా. లోపల డబ్బు పోసి కూర్చున్నవాళ్లు దాన్ని తెర మీద చూశారు. నేను న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి రైలెక్కి వచ్చి, జనం మధ్య మునివేళ్ల మీద నిలబడి, పైసా ఖర్చు లేకుండా అసలు మనిషినే చూశాను. ఆ ఏడు నేను కళ్లారా చూసిన దర్శకత్వం అంతే. మిగతా ఫలితాలన్నీ ఇంట్లో సోఫాలో కూర్చుని చెప్పినవే.

నీ గడిలో జార్జ్ సి. వుల్ఫ్ పేరు రాశాను. పెన్నుతో. ఆయన దర్శకత్వం చేసిన ‘జిప్సీ’కి నామినేషన్ వచ్చింది, అందులో నటించిన ఆడ్రా మెక్‌డొనాల్డ్‌కు వచ్చింది, నృత్యాలకు వచ్చింది. పెళ్లిలో అందరికీ బట్టలు పెట్టి పురోహితుణ్ణి మరచిపోయినట్టు ఆయన ఒక్కడికే రాలేదు. నువ్వు వెళ్లి ‘డెత్ బికమ్స్ హర్’ దర్శకుడు క్రిస్టఫర్ గటెల్లి పక్కన కూర్చున్నావు. అదే నాటకానికి కొరియోగ్రఫీ నామినేషన్ కూడా ఆయనకే. ఒకే పంక్తిలో ఒకే మనిషికి రెండు విస్తళ్లు!

నన్నడిగితే ఇందులో నీ తప్పు కొంతే. పాట సంగీత దర్శకుడిది, అడుగు కొరియోగ్రాఫర్‌ది, వెలుగు లైటింగ్ డిజైనర్‌ది. వీటన్నిటి మధ్య దర్శకుడు చేసిందేమిటో నాటకం చూసినవాడికే సరిగా అంతుపట్టదు. చూడని నేను శాతాలతో సహా చెబుతాను.

తప్పినా నాకు సిగ్గులేదులే. ఫలితం వచ్చాక కారణం చెప్పడంలో నన్ను మించినవాడు లేడు. 2024లో దర్శకురాలు డాన్యా టేమర్ ఈ బహుమతి గెలవగానే, 1998లో ఆ బహుమతి అందుకున్న తొలి మహిళ జూలీ టేమర్‌కు ఆమె మేనకోడలని గుర్తుచేసి, ‘వంశయోగం, నేను ముందే అనుకున్నాను’ అన్నాను. అనుకోలేదు. నా కాగితంలో ఆమెకు అవమానం ఐదు, రాజపూజ్యం ఒకటి ఉన్నాయి. ఆ కాగితం ఎవరి కంటా పడకముందే చించేశాను.

కొత్త సీజన్ జాబితా మొదలుపెట్టాను. నాలుగు పేర్లూ పెన్నుతోనే రాశాను. నీ గడికి మాత్రం పెన్సిలు, పక్కనే రబ్బరు.

ఇట్లు,
44వ వీధి ఉచిత ప్రేక్షకుడు