మత్స్యకన్య గారికి, మీ గొంతు విషయమై

మత్స్యకన్య గారికి,

చెన్నై, వేళచ్చేరి నుంచి ఆరేళ్ళ పిల్ల తల్లి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరు మాత్రం ఏ కథలో చూసినా అంత క్షేమంగా ఉన్నట్టు లేరు, అందుకే ఈ ఉత్తరం. మొదట "కుమారి" అని రాయబోయాను. గ్రీకు కవి హోమర్ నాటి నుంచి లెక్కేస్తే మీరు మా ముత్తవ్వలకు ముత్తవ్వ కదా, అందుకని "గారు".

పోయిన ఆదివారం మా అమ్మాయి పుట్టినరోజు. థీమ్ మీరే. కేకు మీద మీరు, బెలూన్ల మీద మీరు, రిటర్న్ గిఫ్టు పెన్సిల్ డబ్బా మీదా మీరే. అద్దెకు తెచ్చిన నీలం తోకలోకి పిల్లను దించి వెనకాల జిప్పు లాగాం. గోనెసంచి పందెంలో లాగా గెంతుకుంటూ స్టేజీ దాకా వెళ్ళింది. ఫోటోగ్రాఫరు తమిళాయన. "పేసాదె పాపా, సిరి" అంటాడు. మాట్లాడకు పాపా, నవ్వు. పది నిమిషాల్లో ఓ ఇరవైసార్లు అని ఉంటాడు. మీ జీవిత చరిత్రంతా ఆ రెండు ముక్కల్లోనే ఉందని నాకు అప్పుడు తట్టింది.

మీరు మొదట్లో ఇలా ఉండేవారు కాదు. అసలు చేపే కాదు. గ్రీకు కుండల మీద మీరు ఆడతల ఉన్న పక్షి, పేరు సైరన్. హోమర్ కావ్యం ఒడిస్సీలో ఓడను పిలిచి మీరు చూపిన ఆశ అందమూ కాదు, వలపూ కాదు. ట్రాయ్ యుద్ధంలో జరిగిందంతా మాకు తెలుసు, భూమ్మీద జరిగేదంతా తెలుసు, విని తెలివి పెంచుకుని వెళ్ళమన్నారు. ఒక ఆడగొంతు "నాకు తెలుసు" అన్నదన్నమాట. ఇంకేముంది, ఓడలో మగాళ్ళంతా చెవుల్లో మైనం పెట్టుకున్నారు. (మా ఆఫీసు మీటింగుల్లో ఆ మైనం ఖర్చు కూడా ఉండదు.) వినాలన్న సరదా ఉన్న నాయకుడొక్కడు తెరచాప కొయ్యకు తాళ్ళతో కట్టించుకున్నాడు.

మధ్యయుగాలొచ్చేసరికి రెక్కలు పోయి తోకొచ్చింది. గొంతు వెనక్కి పోయి జుట్టు ముందుకొచ్చింది. చేతిలో దువ్వెన, అద్దం. 1493 జనవరిలో కొలంబస్ మీ వాళ్ళను ముగ్గురిని చూశాడట, బొమ్మల్లో వేసినంత అందంగా లేరన్నాడట. పెళ్ళిచూపులకొచ్చి పకోడీలు తినిపోయినవాడి మాటలా లేదూ? ఆయన చూసింది బహుశా మనాటీలనే నీటి జంతువులని పండితుల మాట. ఆ జంతువుల గణానికి సైరేనియా అని మీ పేరే పెట్టారు. వాటి చుట్టం డుగాంగ్ మా తమిళనాడు తీరంలోనూ ఉంది. ఇక్కడివాళ్ళు కడల్ పసు అంటారు, సముద్రపు ఆవు. దాని గడ్డేదో అది మేస్తుంది, ఎవరినీ పిలవదు. దానికోసం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మా దేశంలో మీ వంశానికి సర్కారు రాసిచ్చిన మొదటి స్థలం అదే.

1837లో డెన్మార్క్ కథకుడు అండర్సన్ అయితే తన కథలో ఏకంగా మీ నాలుకే కోయించాడు. నాలుక ఇచ్చి కాళ్ళు కొనుక్కున్నారు. అడుగు తీసి అడుగేస్తే కత్తుల మీద నడిచినట్టు నొప్పి. మీరు కాపాడిన రాజకుమారుడేమో తనను కాపాడింది ఇంకో పిల్ల అనుకుని ఆమెనే చేసుకున్నాడు. "కాదు బాబూ, నేనే" అనడానికి మీకు నోరేదీ? మా మత్స్యగంధిని చూడండి. చేప కడుపున పుట్టి యమునలో పడవ నడిపిన పిల్ల. పరాశరుడంతటివాడు మనసుపడితే, ఒంటి చేపకంపు పోవాలి, కన్నెరికం చెడకూడదు అని అక్కడే తేల్చుకుంది. శంతనుడొస్తే, నా కూతురి కొడుక్కే రాజ్యం అని వాళ్ళ నాన్న బేరం పెట్టాడు. మీ నాన్నగారు సముద్రానికే రాజు కదా, ఒక్క మాటా మాట్లాడలేదేం?

కోపెన్‌హాగెన్‌లో 1913లో మీ విగ్రహం పెట్టారు. 1964లో ఎవరో తల కోసుకుపోయారు. నోరెలాగూ లేదు, తలెందుకనుకున్నారు కాబోలు.

పోయిన గొంతు ఎక్కడుందో నేను చెబుతాను. 1819లో కానియార్ ద లా తూర్ అనే ఫ్రెంచాయన ఒక మోత యంత్రం చేసి, నీళ్ళలో కూడా మోగుతుంది కదా అని దానికి సైరన్ అని మీ పేరు పెట్టాడు. అదిప్పుడు మా వేళచ్చేరి రోడ్డు మీద అంబులెన్సు నెత్తిన ఉంది. పొద్దున్న తొమ్మిదింటికి గొంతు చించుకుంటుంటే ముందున్న కారు కదలదు. వెనకాల నాలుగు బైకులు మాత్రం సందు దొరికిందని దాని తోక పట్టుకుని దూరతాయి. ఒకప్పుడు ఓడల్నే దారి మళ్ళించిన గొంతండీ, ఇప్పుడు షేర్ ఆటో కూడా పక్కకు జరగదు.

పుట్టినరోజు సంగతి పూర్తిచెయ్యలేదు కదూ. కేకు కోసే వేళకు మా పిల్లకు బాత్రూం అవసరం పడింది. జిప్పు ఇరుక్కుపోయింది. ఫోటోగ్రాఫరు ఇంకా "సిరి, సిరి" అంటూనే ఉన్నాడు. "అమ్మా! అర్జెంట్!" అని హాలు దద్దరిల్లేలా అరిచింది చూడండి, అపార్టుమెంటు సెక్రటరీతో సహా నలభైమంది రెండు పక్కలకీ చీలి దారిచ్చారు. తోకతో పాటే భుజాన వేసుకుని పరుగెత్తాను.

కుట్లు పిగిలాయని అద్దె షాపతను డిపాజిట్ తిరిగివ్వలేదు, తోక మమ్మల్నే ఉంచుకోమన్నాడు. ఉతికి బాల్కనీలో ఆరేశాను. కావాలంటే వచ్చి పట్టుకెళ్ళండి.

ఇట్లు,
వేళచ్చేరి నుంచి ఒక తల్లి