వాటం లేని కాలితో ఆడించిన మాస్టారు

సయ్యద్ అబ్దుల్ రహీం అనగానే ఫుట్‌బాల్ తెలిసినవాళ్లకి ఆయన కోచ్‌గా భారత జట్టు 1962 జకార్తా ఆసియా క్రీడల్లో గెలిచిన స్వర్ణం గుర్తొస్తుంది, అందులో తప్పేం లేదు. కానీ రహీం సాబ్ ముందు బడిపంతులు. ఉస్మానియాలో డిగ్రీ చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పి, ఆ తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో పిల్లల ఆటపాటలు చూసుకున్న మనిషి. జూన్ 11 ఆయన వర్ధంతి. మేం ఆయన్ని మాస్టారుగానే తలుచుకోవాలనుకుంటున్నాం.

ఎందుకంటే పతకాల కన్నా మాకు ఎక్కువ నచ్చేవి ఆయన హైదరాబాద్‌లో పెట్టిన చిత్రమైన టోర్నమెంట్లు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయకూడదు, బంతి కాలికి తగిలిందా, వెంటనే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం ఉన్న కుర్రాడు ఎడమకాలితో తన్నబోతే ఏమవుతుందో మీరే ఊహించుకోండి, బంతి ఓవైపు పోతే వాడు ఓవైపు పడతాడు. అయినా సిగ్గుపడక్కర్లేదు, మైదానంలో ఉన్న అందరిదీ అదే అవస్థ కదా. రాని పనిని అందరిచేతా ఒకేసారి చేయిస్తే ఎవడూ వెక్కిరించడు అన్న కిటుకు పిల్లలతో నిండిన క్లాసులో రోజూ నిలబడ్డవాడికే తడుతుంది.

ఆ కిటుకులతోనే, ఆయన కోచ్‌గా ఉన్న హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ కొట్టింది. జాతీయ జట్టుకి 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. మధ్యలో 1952 హెల్సింకీలో యుగొస్లావియా చేతిలో 10-1 పరాభవం కూడా ఉంది, దాన్ని దాచక్కర్లేదు.

జకార్తాకి వెళ్లేసరికి ఆయనకి క్యాన్సర్. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. మళ్లీ ఫైనల్లో ఎదురైందీ ఆ జట్టే. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకి ఇండోనేసియా వీసాలివ్వకపోవడాన్ని మన ప్రతినిధి సోంధీ తప్పుపట్టినందుకు, స్టేడియం నిండా జనం మనవాళ్లని ఎగతాళి చేస్తున్నారు. అప్పటికే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఇంకెవరైనా అయితే కూర్చోబెట్టేవాళ్లేమో, రహీం సాబ్ మాత్రం తీసుకెళ్లి ఫార్వర్డ్‌లో నిలబెట్టాడు! పీకే బెనర్జీ ఒక గోల్, ఆ కుట్ల తలాయన ఇంకో గోల్, 2-1. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి అదే ఆఖరి స్వర్ణం. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963లో, 53 ఏళ్లకే ఆయన వెళ్లిపోయాడు. గురువులకిచ్చే ద్రోణాచార్య అవార్డు మొదలైంది 1985లో.

అవార్డుల సంగతి పక్కన పెడదాం. మాకు కోపం తెప్పించేది గేమ్స్ పీరియడ్ సంగతి. టెన్త్‌కి వచ్చారంటే చాలు, సిలబస్ అవ్వలేదని లెక్కల సారొకరోజు, సైన్స్ మేడమొకరోజు దాన్ని లాగేసుకుంటారు, పీఈటీ గారేమో ప్రార్థనలో విజిల్ ఊది, లైన్లు సరిచేసి, మిగతా రోజంతా ఖాళీ క్లాసులు కాపలా కాస్తుంటారు (అసలు పీఈటీ ఉన్న బడి అయితే). ఇలాంటి చోట ఇంకో రహీం సాబ్ ఉన్నా మనకి ఎలా తెలుస్తుంది?

మన దగ్గర బడులు మామూలుగా జూన్ 12న తెరుస్తారు, ఆయన వర్ధంతి మర్నాడే. పుస్తకాలు ఎలాగూ ఆ వారం పూర్తిగా అందవు కాబట్టి సిలబస్ టెన్షన్ కూడా ఉండదు. ప్రతి బడిలో ఒక్క సాయంత్రం వాటం లేని కాలితో ఫుట్‌బాల్ ఆడించమని మా మనవి, కావాల్సింది ఒక బంతి, ఒక విజిల్. లెక్కల సారుని కూడా దింపండి, గోల్‌కీపర్‌గా కాదు, ఫార్వర్డ్‌గా.