మీటరు ఓనరుది, బిల్లు కుర్రాళ్లది

హైదరాబాద్ అశోక్‌నగర్, చిక్కడపల్లి సందుల్లో గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్లు అద్దెకుండే పెంట్‌హౌస్‌లన్నీ ఒక్కలాగే ఉంటాయి. పైన రేకులు, మెట్ల పక్కన పై గది కరెంటు లెక్కకి ఓనరు పెట్టించిన సబ్‌మీటరు, బాత్‌రూమ్‌లో కారే కుళాయికి చుట్టిన గుడ్డపీలిక. కుళాయి సంగతి చెబితే "ప్లంబరుకి చెప్పాను, వస్తాడు" అంటారు ఓనరు. ప్లంబరు రాడు. అయిదో తారీఖున అద్దె కోసం ఫోను మాత్రం తప్పకుండా వస్తుంది.

గొడవ కుళాయితో మొదలైనా అసలు పేచీ సబ్‌మీటరు దగ్గరే. చాలాచోట్ల యూనిట్‌కి పది రూపాయలంటారు. ఇద్దరు కుర్రాళ్లు, రెండు లైట్లు, ఫ్యాను, ల్యాప్‌టాప్ కలిపి నెలకి 60 యూనిట్లు కాలాయనుకుందాం. తెలంగాణలో 2022లో వచ్చిన టారిఫ్ ప్రకారం వంద యూనిట్లు దాటని ఇంటికి మొదటి 50 యూనిట్లు రూ.1.95 చొప్పున, ఆ పైవి రూ.3.10 చొప్పున. అంటే రూ.128.50, ఫిక్స్‌డ్, కస్టమర్ ఛార్జీలు వేరు. ఓనరు లెక్కలో అదే 600.

ఓనరు చెప్పేదీ వినాలి. మూడంతస్తులకీ ఒకటే మీటరు, అందుకే శ్లాబు, అంటే వాడకాన్ని బట్టి పెరిగే రేటు మెట్టు, పైకి పోతుందంటారు. నిజమే, 800 దాటాక యూనిట్ పదే. కానీ నెలకి 850 యూనిట్లు కాలినా కరెంటు ఛార్జీ సగటున రూ.8.22 దగ్గరే ఆగుతుంది. పైగా ఆ శ్లాబును అంత ఎత్తుకి తీసుకెళ్లేది కింది అంతస్తు ఏసీ, గీజరు. పైనున్న ఫ్యాను కాదు. 2024 మార్చి నుంచి అమలవుతున్న 200 యూనిట్ల ఉచిత కరెంటు కూడా వీళ్లకి అందదు. దానికి రేషన్ కార్డు, సర్వీసు నంబరు కావాలి. కార్డు ఊళ్లో అమ్మానాన్నల దగ్గరుంటుంది, సబ్‌మీటరుకి సర్వీసు నంబరే ఉండదు.

మరి చట్టం? నీళ్లు, కరెంటు ఆపకూడదని ఓనర్లని కట్టడి చేసే అద్దెల చట్టం 1960 నుంచీ ఉంది. అయితే 2005 సవరణతో నగరాల్లో నెల అద్దె రూ.3,500 దాటిన ఇళ్లు దాని పరిధిలోంచి జారిపోయాయి. ఆ డబ్బుకి అశోక్‌నగర్‌లో ఇప్పుడు మంచం దొరికితే గొప్ప. మిగిలింది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. ఓనరు చేయించాల్సిన రిపేరుని నోటీసిచ్చినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్లే చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో కోసుకోవచ్చంటుంది. బాగానే ఉంది. కానీ రాతకోతలు లేని నెలవారీ అద్దెదారుణ్ని 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయించే వీలిచ్చిందీ అదే చట్టం. పరీక్ష నెత్తిమీదుండగా నాలుగొందల కుళాయి కోసం ఎవడు నోటీసు రాస్తాడు?

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఈ పనులని కాస్త విడదీసింది. వైరింగు, పైపులు ఓనరువి. కుళాయి వాషర్లు, స్విచ్చులు అద్దెకున్నవాళ్లవి. ఆ లెక్కన వాషరు పోయి కారుతుంటే కుర్రాళ్లే మార్చుకోవాలి, తప్పదు. ఇళ్ల అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటకూడదనీ అంది. నమూనా కాబట్టి రాష్ట్రం తనది చేసుకుంటేనే అది పనిచేస్తుంది. అలా చేసుకునే రోజున సబ్‌మీటరు యూనిట్‌కి ఎంత తీసుకోవచ్చో కూడా అందులో రాయాలని నా పట్టు.

అప్పటిదాకా చేతిలో ఉన్నది, దిగిన రోజే మీటరు రీడింగ్ ఫొటో తీసుకోవడం, నెలనెలా అసలు బిల్లు చూపించమనడం. నాకు తెలిసిన ఒక కుర్రాడు బిల్లు జిరాక్స్ అడిగాడు. ఓనరు ఒక్కమాట అనలేదు. పై నెల గేటుకి టులెట్ బోర్డు వేలాడింది, కింద చాక్‌పీస్‌తో "ఫ్యామిలీస్ ఓన్లీ" అని.