హెచ్ఆర్ సాఫ్ట్‌వేర్‌లోని 'లింగం' గడి గారికి

మహారాజశ్రీ గడి గారికి,

నమస్కారాలు. ఈరోజు మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదున్నర దాకా తమరి దర్శనం కోసం అడ్మిన్ బ్లాకులో పడిగాపులు కాసిన డాక్టర్ని. గుర్తుపట్టి ఉండరు లెండి, మీ దగ్గర నా పాత పేరే కదా ఉంది.

మీలోని 'పురుషుడు'ని 'స్త్రీ'గా మార్పించుకోవడానికి రావడం ఇది మూడోసారి. మొదటిసారి వస్తే ఫారం పాతదన్నారు. రెండోసారి కొత్త ఫారం నింపుకొని వస్తే సంతకం పెట్టే ఆయన సెలవు. ఈరోజు ఆయనా ఉన్నారు, ఫారమూ ఉంది, సర్వర్ లేదు. ఐదింటికి అది లేచింది. మేనేజర్ గారు తెర నా వైపు తిప్పి, మీ పక్కనున్న బుల్లి బాణం మీద రెండుసార్లు నొక్కి చూపించారు. మీరు బూడిద రంగేసుకుని బిగుసుకుపోయారు.

"చూశారుగా డాక్టర్, నాకైతే ఏ అభ్యంతరమూ లేదు. సిస్టమే ఒప్పుకోవట్లేదు."

ఈ ఆసుపత్రిలో పైవాళ్ల మాటకు ఎదురు చెప్పే దమ్ము ఎవరికీ లేదనుకునేదాన్ని. మీకుందని అప్పుడే తెలిసింది.

నా గుర్తింపు కార్డులు మారి ఐదు నెలలైంది. మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ మారింది, బ్యాంకు ఖాతా మారింది. ఈ ఐదు నెలల్లోనే మన ఆసుపత్రి లోగో కూడా మారింది. ఆకుపచ్చ ఆకు పోయి నీలం గుండె వచ్చింది. మందుల చీటీల మీద, లిఫ్టు తలుపుల మీద, దుప్పట్ల అంచుల మీద, చేతులు కడుక్కోండని సింకు దగ్గర అంటించిన కాగితం మీద కూడా. మొత్తం తొమ్మిది రోజుల పని. దానికి సిస్టమ్ చక్కగా ఒప్పుకుంది.

మీ అవసరమే లేదని నేననను, నేనూ డాక్టర్నే. రక్తహీనత అనాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత మగవాళ్లకు డెసీలీటరుకు 13 గ్రాముల హిమోగ్లోబిన్, గర్భిణులు కాని ఆడవాళ్లకు 12. అలాంటి చోట మీరుండాల్సిందే. నాకు జీతం వెయ్యడానికి, డ్యూటీ చార్టులో పేరు అచ్చు కొట్టడానికి మీరెందుకో మాత్రం అర్థం కాదు. మీ తోటివాళ్లు నయం. స్త్రీ పురుషులను అంకెల్లో రాసుకోవడానికి ఐఎస్ఓ 5218 అని అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది. 1 అంటే పురుషుడు, 2 అంటే స్త్రీ, 9 అంటే వర్తించదు. 0 అంటే? తెలియదు! తెలియదని ఒప్పుకోవడానికి ఒక అంకె పెట్టుకున్నారు, మర్యాదస్తులు. జబ్బుల అంతర్జాతీయ జాబితా ఐసీడీ ఉంది చూడండి, 2019లో ఆమోదం పొంది 2022 జనవరిలో అమల్లోకొచ్చిన కొత్త కూర్పులో ట్రాన్స్‌జెండర్లమైన మా సంగతిని మానసిక రుగ్మతల అధ్యాయంలోంచే తీసేశారు. వాళ్లు అధ్యాయం మార్చారు. మీరు ఒక్క గడి.

మీకంటే తెలుగు వ్యాకరణం దయగలది. "డాక్టర్ గారు వచ్చారు" అంటే చాలు, ఆడా మగా అన్న ప్రశ్నే రాదు. కారిడార్లో నన్ను చూసి "వచ్చాడు... వచ్చింది..." అని నత్తి పడేవాళ్లు 'గారు' తగిలించుకుంటే ఒడ్డున పడతారు. ఖర్చు కూడా లేదు.

అసలు ఈరోజు ఎందుకు పరిగెత్తుకొచ్చానో చెబుతాను. మొన్న మంగళవారం మీటింగులో, ఐసీయూకి రాత్రిపూట ఇంకో నర్సు కావాలని అడిగాను. కొత్తగా వచ్చిన ఆపరేషన్స్ మేనేజర్ చిన్నగా నవ్వి, "మేడమ్, ఎమోషనల్ అవ్వకండి, డేటాతో రండి" అన్నారు. అని ఊరుకోలేదు. ల్యాప్‌టాప్‌లో ఓ పాత ఫైలు తెరిచి, "రెండేళ్ల కిందట మీ యూనిట్‌లోనే ఒక డాక్టర్ గారు ఇదే విషయం మీద నోట్ రాశారు. ఎంత క్లియర్‌గా రాశారో చూడండి. ఒకసారి ఆయన్ని కలవండి" అన్నారు.

గదిలో అందరూ టేబుల్ వైపు చూస్తున్నారు. సూపరింటెండెంట్ గారు మంచినీళ్లు తాగడం మొదలుపెట్టి ఆపట్లేదు.

"రోజూ కలుస్తూనే ఉంటానండీ" అన్నాను.

బెన్ బ్యారెస్ అని స్టాన్‌ఫర్డ్‌లో పెద్ద న్యూరోబయాలజిస్టు ఉండేవారు, ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాయించుకున్న మగమనిషి. 2017లో పోయారు. ఆయన ప్రసంగం విని ఒకాయన, బ్యారెస్ చెల్లెలి పనికంటే బ్యారెస్ పని చాలా మేలు అన్నాడట. ఆ చెల్లెలు కూడా ఆయనే. చదివినప్పుడు నవ్వుకున్నాను. నాది దానికి తిరగేసిన కథ అవుతుందని అనుకోలేదు.

నిజానికి ఆ ఆపరేషన్స్ మేనేజర్ కొత్తవాడు, ఆయన్ని ఏమనను? నీ వల్లే కదా ఇదంతా. నువ్వు ఒకే మనిషిని రెండు ఫైళ్లుగా దాచావు. మగ ఫైలుకు తెలివి, నాకు ఎమోషన్. నువ్వు మాత్రం ఏం చేస్తావు, రెండు అంగుళాల గడివి. నిన్ను అడ్డం పెట్టుకుని కూర్చున్న మనుషులున్నారే, వాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది.

ఇంకా మండేదేమిటంటే, "సిస్టమే ఒప్పుకోవట్లేదు" అన్న ఆ మేనేజర్ గారు చెడ్డవారు కాదు. ఆక్సిజన్ అయిపోవచ్చిన ఒక రాత్రి ఇంట్లో లుంగీ మీదే వచ్చేసి, సిలిండర్ల లారీ దగ్గర నిలబడి, తెల్లారేదాకా నాతో పాటు లెక్క రాసుకున్న మనిషి. ఆ రాత్రి అంత ఆర్డరుకి సిస్టమ్ ఒప్పుకుంటుందా అని ఆయన అడగలేదు. ఫోన్ తీసి ఎవరినో తిట్టారు, పనైపోయింది.

నా కోసం ఆ ఫోన్ ఎందుకు తియ్యరు?

వచ్చే మంగళవారం ఆ నర్సు నోట్ మళ్లీ పెడుతున్నాను. కింద పాత పేరుతో సంతకం పెడితే మంజూరైపోతుందేమోనని నిన్న రాత్రి డ్యూటీలో ఒక్క క్షణం అనిపించింది. అప్పుడే మూడో బెడ్ అలారం మోగింది. ఉన్న ఒక్క నర్సు ఏడో బెడ్ దగ్గర ఉంది. నేనే లేచి వెళ్లాను.

ఇట్లు,
మూడో బెడ్ దగ్గరికి వెళ్లిన డాక్టర్
(పేరు: అప్‌డేట్ పెండింగ్)