కీళ్లనొప్పులన్నీ నీళ్ల పాపమేనా?

కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఎవరు కీళ్లనొప్పులన్నా ‘నీళ్ల వల్లే’ అనేయడం అలవాటైపోయింది. దానికి కారణం లేకపోలేదు. నీటిలో ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బును, అంటే ఎముకల ఫ్లోరోసిస్‌ను, మన దేశంలో 1937లో వైద్యులు మొదటగా వెల్లడించింది నెల్లూరు జిల్లా నుంచే. ఈ మూడు ప్రాంతాలూ అప్పట్లో ఆ జిల్లాలోనివే. మంచినీటి కోసం ఇక్కడి ప్రజలు చేస్తున్న పోరాటం న్యాయమైనది. అయితే ఆ ఫ్లోరైడు పేరు చాటున రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే మన పెద్దలు కీళ్లవాతమనే జబ్బు, గుర్తింపునకు నోచుకోక ముదిరిపోవడం మమ్మల్ని కలవరపెడుతోంది.

తెల్లవారి లేచిన ఇల్లాలికి గుప్పిట మూతపడదు. రెండు చేతుల వేళ్ల మొదళ్లూ ఒకే తీరున ఉబ్బి ఉంటాయి, బిందె అంచు పట్టు చిక్కదు, గంట గడిస్తే గానీ ఆ బిగువు సడలదు. ఫ్లోరోసిస్ ఎక్కువగా వెన్నునూ మెడనూ బిగిస్తుంది. కీళ్లవాతం చిన్న కీళ్లతో మొదలై, కీలు లోపలి పొర వాచి, పక్కనున్న ఎముకను తినేస్తుంది. ఆడవారికి రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది.

ఇక్కడ దాడి చేసేది మన రోగనిరోధక వ్యవస్థే. ఆరో క్రోమోజోముపై ఉండే హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1 జన్యువు, ప్రొటీన్ ముక్కలను రక్షణ కణాలకు చూపే అణువును తయారుచేస్తుంది; ఆ అణువులో 70 నుంచి 74 వరకు స్థానాల్లో ఉండే అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌ను కూర్చే చిన్న భాగాల) వరుస ఒక ప్రత్యేక రీతిలో ఉన్నవారికి ముప్పు ఎక్కువన్న ప్రతిపాదన 1987లో వచ్చింది, తరవాతి పరిశోధనలు దాన్ని బలపరిచాయి. లక్షమందికి పైగా జన్యుసమాచారాన్ని పరిశీలించిన 2014 నాటి అధ్యయనం, ఈ జబ్బుతో ముడిపడిన జన్యుస్థానాలను 101గా లెక్కతేల్చింది. ఐరోపావారిలో ప్రముఖంగా కనిపించే పీటీపీఎన్22 అనే జన్యువులోని మార్పు ఆసియావారిలో బహు అరుదు గనుక, అక్కడి కొలతలతో మన ముప్పును అంచనా వేయలేం.

ముప్పు పెంచే రీతి జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి వచ్చేది నూటికి పదిహేను జంటల్లోనే. చుట్ట, బీడీ, సిగరెట్ పొగ ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్లను మార్చివేస్తుంది. పై రీతి జన్యువు గలవారి శరీరం ఆ మారినవాటిని పరాయివిగా ఎంచి ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) తయారుచేసే అవకాశం ఎక్కువ. రాళ్లు తొలిచేటప్పుడు లేచే సిలికా ధూళి కూడా ముప్పు పెంచేదే. పొగాకు పండే ఒంగోలు, కందుకూరు ప్రాంతాలకూ, మార్కాపురం పలక గనుల కార్మికులకూ ఇది దగ్గరి సంగతి.

ఆ ప్రతిరక్షకాలను పట్టిచ్చే యాంటీ-సీసీపీ రక్తపరీక్షను ఏరియా ఆసుపత్రుల్లోనే ఉచితంగా చేయించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. ఖరీదైన జన్యుపరీక్షలు ఇందుకు అక్కర్లేదు. స్టెరాయిడ్ సూదులతో నొప్పి అణచుకుంటూ ఏడాది, రెండేళ్లు గడిపేసరికి వేళ్లు వంకరపోతే, ఆ వంకరను మందులు సరిచేయలేవు. ప్రధాన ఔషధమైన మెథోట్రెక్సేట్ ఖరీదైనది కాదు, కానీ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది. అందుకే చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో తెలుగులో రాసి, రోగి చేత ఒకసారి పైకి చెప్పించి పంపాలి.